మా నాన్న మైకు బాబాయి పోయాక ఏమేం జరిగిందంటే

2024 నవంబరు 16, శనివారం, తెల్లవారుజామున నాలుగున్నరకి రేపల్లెలో మా ఇంట్లో నాన్న పోయారు. వయసు 71. ముందురోజు కార్తీక పౌర్ణమి. శివాలయం దగ్గర మైకు పెట్టి, జ్వాలాతోరణం అయ్యాక వైర్లన్నీ చుట్టించి, రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి మజ్జిగన్నం తిని పడుకున్నారు. పండక్కని నేను రెండు రోజుల ముందే హైదరాబాద్ నుంచి డెల్టా రైలుకి వచ్చాను కాబట్టి ఆ వేళకి అమ్మ పక్కన ఉన్నాను. తమ్ముడు పుణేలో ఉన్నాడు. డాక్టరు గారు వచ్చి చూసి గుండెపోటు అన్నారు.

ఊళ్ళో నాన్నని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. దాదాపు యాభై ఏళ్ళు మైకు సెట్టు నడిపారు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, ఎలక్షన్లు, పన్నులు కట్టమని మునిసిపాలిటీ వాళ్ళు తిప్పే రిక్షా, అన్నిటికీ ఆయన ఆంప్లిఫయరే. అందుకే అందరికీ మైకు బాబాయి. ఇలా ఊరందరికీ కావలసిన మనిషి పోతే ఇంట్లోవాళ్ళ మీద ఏమేం వచ్చి పడతాయో నాకెవరూ ముందు చెప్పలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది కళ్ళ సంగతి. కళ్ళు ఇచ్చేయమని నాన్న ఎప్పటినుంచో అంటుండేవారు గానీ ఎక్కడా కాగితం రాయలేదు. కాగితం అక్కర్లేదనీ, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే చాలనీ ఫోన్లో ఐ బ్యాంకు అమ్మాయి చెప్పింది. పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఈలోగా చేయాల్సినవి కూడా ఆ అమ్మాయే చెప్పింది: కళ్ళు మూసి రెప్పల మీద తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి, పైన ఫ్యాను ఆపేయండి. ఫ్యాను ఆపితే అమ్మ ఊరుకోలేదు. "ఆయనకి గాలి లేకపోతే నిద్ర పట్టదే" అంది. ఆ మాటకి నేను అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆగలేదు.

పెద్దత్తయ్య అడ్డం పడింది. కళ్ళు తీస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని ఆవిడ భయం. ఇంకొకాయన మొహం గుంటలు పడి వికారంగా ఉంటుందన్నాడు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. అమ్మే, "ఆయన చెప్పిన మాట, నేను విన్నాను" అని తేల్చేసింది. గుంటూరు నుంచి ఇద్దరు వచ్చేసరికి ఎనిమిది దాటింది. గది తలుపు వేసుకుని అరగంట లోపే బయటికొచ్చారు. తీసేది కంటి ముందు ఉండే పలచటి కార్నియా పొర మాత్రమే. కంటిశుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఇవ్వొచ్చట, నాన్నకి రెండు కళ్ళకీ అయింది. తర్వాత మొహం చూసి అత్తయ్య కూడా మారు మాట్లాడలేదు. పైసా ఖర్చు లేదు.

వాళ్ళు ఇంకా లోపల ఉండగానే వీధిలోంచి భగవద్గీత మొదలైంది. మా వైపు పొద్దున్నే ఘంటసాల గొంతులో గీత వినపడితే "ఎవరు పోయారో" అని గుమ్మంలోకి వచ్చి చూస్తారు. ఇన్నేళ్ళూ ఆ రికార్డు ఊళ్ళో ప్రతి చావింటికీ నాన్నే పెట్టారు. మరి ఇప్పుడు పెట్టింది ఎవరా అని చూస్తే, బజారులో ఉన్న ఇంకో మైకు సెట్టాయన. 1999 ఎలక్షన్లలో ఒక పార్టీ ప్రచారం బేరం దగ్గర మాటా మాటా వచ్చి, అప్పటినుంచి వీళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎవరూ పిలవకుండానే వచ్చి మా అరుగు స్తంభానికి హారన్ కట్టేశాడు. అమ్మ బయటికొచ్చి, "అన్నయ్యా, కొంచెం తగ్గించండి, ఆయనకి అంత సౌండు నచ్చదు" అంది. ఆయన తలొంచుకుని తగ్గించాడు.

తర్వాత ఫ్లెక్సీ కుర్రాడు వచ్చాడు. "అక్కా, ఫొటో పంపండి, తొమ్మిదికల్లా కొట్టించేస్తా."

నాన్న ఫొటో లేదు. ఇంట్లో ఉన్నవన్నీ మా చిన్నప్పటివి, మా చదువులవి, నా పెళ్ళివి. నా పెళ్ళి ఆల్బమ్‌లో కూడా కన్యాదానం దగ్గర తలొంచుకుని ఉన్న నాన్నే తప్ప ఎదురుగా చూసే నాన్న లేరు. యాభై ఏళ్ళలో ఊళ్ళో జరిగిన ప్రతి శుభకార్యానికీ వెళ్ళిన మనిషి, ఒక్క ఫొటోలోనూ పడలేదు. ఫొటోలు తీసే వేళకి ఆయన షామియానా వెనక ఆంప్లిఫయర్ దగ్గర కూర్చుని ఉంటారు మరి. చివరికి ఆధార్ కార్డు ఫొటోనే ఇచ్చాం. దాన్ని ఆరడుగుల ఫ్లెక్సీకి పెంచితే మొహం చుక్కలు చుక్కలుగా వచ్చింది. అది కప్పిపుచ్చడానికి కుర్రాడు మొహం నునుపు చేసి, కింద నీలం కోటు, టై తగిలించాడు. అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఈ కోటాయన ఎవరే?" అంది. చావింట్లో నవ్వకూడదు గానీ నేను లోపలికెళ్ళి నవ్వుకున్నాను.

సాయంత్రానికి అదే కోటు ఫొటోతో రైల్వే స్టేషన్ రోడ్డు నుంచి మార్కెట్ దాకా ఇంకా బోలెడు ఫ్లెక్సీలు వెలిశాయి. కొన్నిట్లో నాన్న కంటే ఫ్లెక్సీ వేయించిన నాయకుడే పెద్దగా ఉన్నాడు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే ఎదురుగా కూర్చోబెట్టి ఒక మంచి ఫొటో తీసుకోండి. అపశకునం ఏమీ కాదు.

మధ్యాహ్నం దాకా మెయిన్ రోడ్డులో కొట్లు మూసేశారు. తమ్ముడు విమానంలో విజయవాడ దిగి కారులో వచ్చేసరికి నాలుగైంది. చీకటి పడేలోపు దహనం అయిపోయింది. మూడో రోజు పెనుమూడి దగ్గర కృష్ణలో అస్థికలు కలిపాం.

మరణ ధ్రువీకరణ పత్రం గురించి రెండు ముక్కలు. ఇంట్లో పోతే ఆసుపత్రి వాళ్ళు నమోదు చేయరు, మనమే మునిసిపాలిటీకి వెళ్ళి చెప్పుకోవాలి. 21 రోజుల్లోపు చెబితే ఏ రుసుమూ ఉండదు. డాక్టరు రాసిచ్చిన కాగితం, శ్మశానం రసీదు, నాన్న ఆధార్, తమ్ముడి ఆధార్ అడిగారు. నవంబరు 21న ఇస్తే 29న వచ్చింది. వచ్చాక చూస్తే ఇంగ్లీషులో ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, కరెంటు బిల్లులో ఒకలా, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకోలా ఉంది. సర్టిఫికెట్ ఆధార్ ప్రకారం ఇచ్చారు. బ్యాంకు వాళ్ళు ఒప్పుకోవడానికి జనవరి దాకా పట్టింది. కొట్టు మీటరు ఇంకా నాన్న పేరునే ఉంది.

ఇంట్లో అసలైన హడావిడి నవంబరు 19 నుంచి మొదలైంది. ఆ రోజు నిజాంపట్నం వైపు నుంచి ఒక ముసలాయన ఆటోలో వచ్చాడు. ఎనభై ఉంటాయి. నాన్న దండ వేసిన కోటు ఫొటో చూసి, "ఈయన కాదు" అన్నాడు. మేం ఆధార్ కార్డు చూపిస్తే, "ఆఁ, ఈ పిల్లోడే" అన్నాడు. 71 ఏళ్ళ మనిషిని పట్టుకుని పిల్లోడు అంటే ఎందుకో అర్థం కాలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇస్తే అప్పుడు చెప్పాడు. 1977లో ఉప్పెన వచ్చింది నవంబరు 19నే. దివిసీమలోనూ ఇటు మా వైపు తీరంలోనూ వేలమంది కొట్టుకుపోయారు, సర్కారు లెక్కలోనే పదివేల దాకా. ఆ వారం కరెంటు లేదు. అప్పటికి నాన్నకి 24 ఏళ్ళు. కారు బ్యాటరీ ఒకటి సైకిలు క్యారియర్‌కి కట్టుకుని, హ్యాండిల్‌కి గొట్టం మైకు తగిలించుకుని ఊరూరా తిరిగారట. ఎక్కడ బియ్యం పంచుతున్నారో, ఏ బడిలో ఎవరెవరు బతికి ఉన్నారో పేరు పేరునా చదువుకుంటూ. ఈ ముసలాయన తమ్ముడు ఒక బడిలో ఉన్నట్టు ఆ మైకులోనే తెలిసిందట.

నాన్న ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకీ తెలీదు, వాళ్ళ పెళ్ళి 1980లో. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నలభై ఏళ్ళకి పైగా రోజూ కలిసి అన్నం తిన్నాం కదా, ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అని. ఆ కోపంలోంచే పుస్తకం ఆలోచన వచ్చింది. ఈయనెవరో మాకంటే ఊరివాళ్ళకే ఎక్కువ తెలిసినట్టుంది, అడిగి రాసుకుందాం అనుకున్నాం.

అడగడానికి అన్నిటికంటే మంచి సందు పెద్దకర్మ. 26వ తేదీ, మంగళవారం. కార్డుల వెనక వైపు తమ్ముడి వాట్సాప్ నంబరు వేసి, "మైకు బాబాయితో మీ జ్ఞాపకం ఏదైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి" అని రాయించాం. రాసి పంపమంటే ఎవరూ పంపరు. మాట్లాడమంటే మాత్రం రాత్రి పన్నెండింటికి కూడా వస్తూనే ఉన్నాయి. పేపరులో శ్రద్ధాంజలి ప్రకటన కూడా ఇచ్చాం, జిల్లా ఎడిషన్‌లో చిన్న డబ్బాకి ఆరు వేలు దాటింది. దాన్ని చూసి వచ్చామని చెప్పినవాళ్ళు నాకైతే కనపడలేదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

భోజనాలకి నాలుగు వందల మందికి చెప్పాం, ఏడు వందలు దాటారు. పిలుపులతో వచ్చేవాళ్ళు కాదు కదా. గారెలు ఒంటిగంటకే అయిపోయాయి. పక్క వీధి హోటలాయన అడక్కుండానే రెండు గిన్నెల సాంబారన్నం, ఒక గిన్నె పెరుగన్నం పంపించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మొత్తం ఆ రోజు ఖర్చు లక్షా ముప్పై వేల దాకా తేలింది. మా అంచనా డెబ్భై వేలు.

సాయంత్రం సంతాప సభ. కార్తీక మాసం, పెళ్ళిళ్ళ రోజులు, కల్యాణ మండపాలేవీ ఖాళీ లేవు. మా కొట్టు ముందు రోడ్డు మీదే షామియానా వేశాం. దానికి పోలీస్ స్టేషన్‌లో మైకు పర్మిషన్ కోసం అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ ఎలా రాయాలో మాలో ఎవరికీ తెలీదు, ఇన్నాళ్ళూ ఊరందరికీ రాసిపెట్టింది నాన్నే. కొట్టులో ఫైలు తీస్తే ఆయన చేతిరాతతో పాత అర్జీల కార్బన్ కాపీలు దొరికాయి. తేదీ, సందర్భం మార్చి అదే ఎక్కించాం. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ చూసి, "ఇది బాబాయి ఫార్మాటే" అని సంతకానికి పంపించాడు.

మైకు మళ్ళీ ఆ రెండో ఆయనే పెట్టాడు. సభలో తొమ్మిదిమంది మాట్లాడతారనుకుంటే ఇరవై దాటారు. కూరగాయల మార్కెట్‌లో నిమ్మకాయలమ్మే ఆవిడ రెండు నిమిషాలే మాట్లాడింది. తన కూతురి ఓణీల ఫంక్షన్‌కి మైకు పెట్టించుకునే స్తోమత లేదని ఊరుకుంటే, "పక్క వీధిలో పెళ్ళికి కట్టిన హారన్ ఒకటి మీ ఇంటి వైపు తిప్పుతాలే" అన్నారట నాన్న. ఆ పూట వాళ్ళకీ పాటలు వచ్చాయి. పెళ్ళివాళ్ళకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదని చెప్పి ఆవిడ నవ్వింది, జనం నవ్వారు.

తర్వాత ఒక నాయకుడు మైకు అందుకున్నాడు. మొదటి వాక్యంలో నాన్న, రెండో వాక్యం నుంచి ఆయనే. తన పాదయాత్ర, తను వేయించిన రోడ్డు, తనకి రాని టిక్కెట్టు. పావుగంట, ఇరవై నిమిషాలు. ఇలాంటివాళ్ళకి నాన్న దగ్గర ఒక మందుండేది. ఒక్కసారిగా ఆపేస్తే అవమానం కాబట్టి, వాల్యూమ్ కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చేవారు. మాట్లాడేవాడు తన గొంతే అలిసిపోయిందనుకుని కూర్చుంటాడు. రెండో మైకాయన నా వైపు చూశాడు. నేను తలూపాను. ఇంకో మూడు నిమిషాల్లో నాయకుడు "సమయాభావం వల్ల" అంటూ ముగించాడు. 2000లో శబ్ద కాలుష్యం రూల్స్ వచ్చాక రాత్రి పదయితే ఎవరున్నా సరే నాన్న మైకు కట్టేసేవారు. ఆ రోజు కూడా పది కొట్టేసరికి సభ అయిపోయింది.

మర్నాడు మైకు డబ్బులు ఎంతని తమ్ముడు అడిగితే ఆయన వద్దన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, మెల్లిగా, "ఆ పాత వాల్వు ఆంప్లిఫయర్ అమ్మేస్తారా?" అని అడిగాడు. తమ్ముడికి మండింది, చితి ఆరకముందే సామాను మీద కన్నేశాడని. అమ్మ మాత్రం, "దాన్ని బాగుచేసుకోవడం తెలిసినవాడు ఇంకెవడున్నాడు ఊళ్ళో? తీసుకెళ్ళండన్నయ్యా" అంది. నాకూ అదే సబబు అనిపించింది. మా ఇంట్లో ఉంటే బల్లులు కాపురం పెడతాయి.

ఆ వారమే డబ్బుల తతంగం నడిచింది. నాన్న దగ్గర బాకీల నోటుపుస్తకం ఉంది. అందులో పేర్లున్నవాళ్ళెవరూ రాలేదు. పేరు లేనివాళ్ళు వచ్చారు. "1998లో మా పాప పెళ్ళికి ఎనిమిది వందలు బాకీ, బాబాయి అడగలేదు, నేనివ్వలేదు" అని ఒకాయన ఐదు వేలు చేతిలో పెట్టాడు. అలాగే జెనరేటర్ డీజిల్ బాకీ అని పన్నెండు వేలకి చిట్టీ తెచ్చినాయనా ఉన్నాడు. అమ్మ పద్ధతి ఒక్కటే: ఇచ్చినవాళ్ళది తీసుకుని రాసుకుంది, అడిగినవాళ్ళకి కాగితం చూపిస్తే ఇచ్చింది, చూపించకపోతే సంక్రాంతి తర్వాత రమ్మంది. సంక్రాంతి తర్వాత సగంమంది రాలేదు.

వాయిస్ మెసేజులు డిసెంబరు పదికల్లా నూటయాభై దాటాయి. విని రాయడం నా పని. ఆఫీసు అయ్యాక కూకట్‌పల్లిలో మా వంటింట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రాసేదాన్ని. ఒకే సంగతి నలుగురు చెబుతారు, నలుగురూ అది తమ పెళ్ళిలోనే జరిగిందంటారు. ఉప్పెన సంగతి ఇంకో ఇద్దరు చెప్పారు గానీ, ఒకాయన సైకిలంటే ఇంకొకాయన రిక్షా అన్నాడు. ఏది నిజమని తేల్చే ప్రయత్నం మానేసి రెండూ వేశాం. మాకు నచ్చనివీ వచ్చాయి. కోపం వస్తే పనివాళ్ళ మీద చెయ్యి చేసుకునేవారని ఆయన దగ్గర పదేళ్ళు పనిచేసినతను చెప్పాడు. తీసేద్దామన్నాడు తమ్ముడు. అతను ఏడుస్తూ చెప్పిన మెసేజ్ అది, దెబ్బ గురించీ, ఆ తర్వాత తన పెళ్ళికి నాన్న కొనిచ్చిన మంచం గురించీ. మంచం ఉంచి దెబ్బ తీసేస్తే బాగుండదన్నాను. రెండూ ఉన్నాయి.

అచ్చు గురించి తెలీనివాళ్ళకి ఒక హెచ్చరిక. నేను ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో టైపు చేసింది యూనికోడ్. తెనాలిలో డీటీపీ (అచ్చుకి పేజీలు కంపోజ్ చేసే పని) చేసే ఆయన దగ్గర ఉన్నవి అను ఫాంట్లు, వాటి అక్షరాల లెక్క వేరు. మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోయాయి, కొన్నిచోట్ల "క్ష" మాయమైంది. మొత్తం మళ్ళీ అక్షరం అక్షరం దిద్దుకోవాల్సి వచ్చింది. దానికి పది రోజులు పెట్టుకోండి. ఇంకోటి, పేజీలు మనిష్టం కాదు. పదహారు పేజీలు ఒక ఫారం. మా మ్యాటర్ 37 పేజీలు వచ్చింది, రెండు ఫారాలకి, అంటే 32కి కుదించాం. ఐదు వందల కాపీలు, రంగుల అట్టతో, పంతొమ్మిది వేల ఐదు వందలు. నెల మాసికానికి అందుతాయనుకున్నవి భోగి ముందురోజు, జనవరి 12న చేతికొచ్చాయి. అదే మంచిదైంది. పండక్కి ఊరొచ్చిన పిల్లలందరూ పట్టుకెళ్ళారు.

అట్ట మీదకి ఫొటో కూడా అప్పటికి దొరికింది. పెళ్ళి ఆల్బమ్‌లు వెతికి చూడమని అందరికీ మెసేజ్ పెట్టాం. 1991 నాటి ఒక పెళ్ళిలో, భోజనాల బంతి వెనక, చెవికి హెడ్‌ఫోన్ ఒకవైపు ఆనించుకుని, నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టుకుని కెమెరా వైపు చూస్తున్న నాన్న ఉన్నారు. ముందు వరసలో ఎవరో లడ్డూ కొరుకుతున్నారు. స్టూడియో ఆయన లడ్డూ ఆయన్ని కట్ చేస్తానంటే వద్దన్నాం.

ఆ ఆల్బమ్‌లతో పాటే పాత వీడియో క్యాసెట్లు కూడా రావడం మొదలైంది. ఫొటోల్లో లేని నాన్న వాటిలో గొంతుగా ఉన్నారు. విజయవాడలో క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు పట్టుకున్నాం. ఒక్కోదానికి 350 రూపాయలు, బూజు పట్టినవైతే శుభ్రం చేయడానికి ఇంకో 200. మూడు వారాల్లో ఇస్తామని ఐదు వారాలకి ఇచ్చారు. కొన్నిట్లో గీతలు తప్ప ఏమీ లేవు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం టీవీకి పెట్టి చూశాం. 1993 పెళ్ళి. నాదస్వరం మధ్యలో పాట ఆగి నాన్న గొంతు వచ్చింది: "ఎర్ర గౌను పాప ఒకతి స్టేజీ దగ్గరుంది. పేరు చెప్పట్లేదు. బిస్కట్టు తింటోంది. ఏడవట్లేదు. తాలూకువాళ్ళు కంగారు పడకుండా, భోంచేసే వచ్చి తీసుకెళ్ళండి." తమ్ముడు దాన్నే వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ పెట్టాడు. నేను అమ్మ వైపు చూడలేక గోడ వైపు చూస్తున్నాను. అమ్మ స్క్రీన్‌లో పెళ్ళికూతురి తండ్రిని గుర్తుపట్టి, "వీళ్ళింకా మూడొందలు ఇవ్వాలి" అంది. నోటుపుస్తకం తెచ్చి చూస్తే నిజమే, ఉంది.

సంవత్సరీకం తేదీని బట్టి కాదు, తిథిని బట్టి. నాన్న పోయింది కార్తీక బహుళ పాడ్యమి, 2025లో అది నవంబరు 6న. ఈలోపు ఇంకో పదహారు పేజీలకి సరిపడా జ్ఞాపకాలు వస్తే మూడో ఫారం కలిపి మళ్ళీ వేస్తానని ప్రెస్సాయన అన్నాడు. మెసేజులు రోజుకి ఒకటో రెండో వస్తున్నాయి. క్యాసెట్లు ఇంకా రెండు సంచులున్నాయి. డీజిల్ బాకీ ఆయన మాత్రం చిట్టీతో మళ్ళీ వచ్చాడు, అమ్మ ఇచ్చేసింది.